నాలుగింటి ఎదురుచూపు

కోర్టు నుంచి వచ్చిన కాగితంలో మంగతాయారుకి అన్నిటికంటే బాగా నచ్చిన సంగతి, అందులో తన పేరు ఉండటం. ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు లేకుండా రాశారు. అంతకుముందు నాలుగేళ్లలో వచ్చిన కాగితాల్లో ఆమె ఒకచోట 'మృతుడి భార్య', ఇంకోచోట 'ఏడో నంబరు సాక్షి'. విచారణ జరిగినన్నాళ్లూ కోర్టు వరండాలో చెక్కబల్ల మీద కూర్చునేది. లోపల ఏం జరుగుతోందో బంట్రోతు టీకి బయటికి వచ్చినప్పుడు చెప్పేవాడు. ఉరిశిక్ష పడిందన్న సంగతి కూడా అతనే చెప్పాడు, గ్లాసు ఊదుకుంటూ. సర్కారు తరఫు వకీలుగారు ఆమె పక్కనుంచే నడిచివెళ్లి కారెక్కారు. పాపం, ఆయనకి ఈమె ఎవరో తెలియదు.

ఇప్పుడు రోజులు మారాయి. 'బాధితుల మాట' అని కొత్త చట్టం వచ్చింది. ఉరిశిక్ష పడ్డ ప్రతి కేసులోనూ, ఉరి తీసే ముందు, చచ్చిపోయిన మనిషి ఇంటివాళ్లను పిలిచి అడిగి తీరాలి. ఉరి కావాలా, బదిలీ కావాలా? వాళ్లు ఏది అంటే అది.

"బదిలీ అంటే ఏంటే? వేరే జైలుకి పంపుతారా?" అంది సూరమ్మ, కుండ కిందికి కొబ్బరాకులు తోస్తూ.

"కాదు వదినా. నాలో ఉన్న బాధ తీసి వాడిలో పెడతారంట."

"బాధేమన్నా గోరింటాకా, నీ చేతిది వాడి చేతికి అంటడానికి? ఉరే అని రాసి పడెయ్యి. నా తమ్ముణ్ణి చంపినోడు మూడుపూటలా మెక్కుతూ కూచుంటే నాకు ముద్ద గొంతు దిగట్లేదు."

సూరమ్మ తాయారు మొగుడు నూకరాజుకి అక్కగారు. భర్త పోయాక తమ్ముడి ఇంటికి వచ్చి ఇరవై ఏళ్లయింది. అరవై దాటినా ఆమె గొంతు వీధి చివరికి వినిపిస్తుంది. గొంతు దిగడం లేదన్న మాటలో నిజమెంతో గాని, ఆ పూట రెండుసార్లు పెరుగన్నం తిన్నది.

వాళ్లుండేది పేరంపాలెం, ఆత్రేయపురానికి రెండు మైళ్లు. ఇంటింటా పూతరేకులే. బోర్లించిన కుండ కింద మంట వేస్తారు. పలచటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ వీపు మీద పరిచి లాగేస్తే, వెనకాల పొర నిలుస్తుంది. అదే రేకు. మంట పెరిగితే మాడుతుంది, తగ్గితే చిరుగుతుంది. పాతికేళ్లు నూకరాజు మంట వేస్తే తాయారు గుడ్డ పరిచింది. మధ్యాహ్నం భోజనం కాగానే అతను మోపెడ్ మీద రావులపాలెం వెళ్లి దుకాణాలకు రేకులు ఇచ్చేవాడు. నాలుగింటికి తిరిగి వచ్చి మళ్లీ మంట దగ్గర కూర్చునేవాడు.

ఒకరోజు నాలుగింటికి రాలేదు. కాలువ లాకుల దగ్గర దొరబాబు అనేవాడు ఎవరి మోటారుసైకిలో దొంగిలిస్తుంటే చూసి, "ఎవరిదయ్యా ఆ బండి?" అని అడిగాడట. అంతే. ఇనుపరాడ్డుతో తల మీద కొట్టాడు. అడ్డం వచ్చిన లాకుల కాపలాదారు ముసలాయన్ని కూడా కొట్టాడు. ఇద్దరూ అక్కడే పోయారు. ముసలాయనకి నా అన్నవాళ్లు లేరు. కాబట్టి చట్టం అడగాల్సిన మనిషి తాయారు ఒక్కతే.

---

విశాఖలో కొండవాలు మీద ఆ పరిశోధన కేంద్రం. దాన్ని నడిపే డాక్టర్ మృణాళినికి నలభై ఉంటాయి. కళ్లద్దాలు నెత్తి మీదకి తోసుకుని బల్లంతా వెతుక్కునే రకం. తాయారుకి ఆమెను చూడగానే ధైర్యం వచ్చింది. అంత చదువుకున్నావిడ కూడా వస్తువులు పోగొట్టుకుంటుందంటే మనిషి మంచిదే అయి ఉంటుంది.

తలకి మెత్తటి పట్టీ ఒకటి కట్టి, ఎదురుగా తెర పెట్టారు. తెర మీద ఒక గీత మెల్లగా పాకుతోంది. స్పీకర్లో వాన చప్పుడు వినిపించారు. గీత అలాగే ఉంది. కాకి అరుపు, కుక్కర్ కూత, పెళ్లి బాజా. గీత కదల్లేదు. తర్వాత ఎక్కడో దూరంగా మోపెడ్ చప్పుడు. గీత గోడెక్కినట్టు లేచింది.

"ఇప్పుడు మీరు తల తిప్పారు, తాయారమ్మగారూ," అంది డాక్టరు.

"నేనా? లేదండి."

డాక్టరు వీడియో తిప్పి చూపించింది. నిజమే. తెరలో ఉన్న తాయారు మెడ గుమ్మం వైపు తిరిగి ఉంది. చెంగు కూడా సర్దుకుంది. తాయారుకి సిగ్గేసింది. తనకు తెలియకుండా తన మెడ ఇంతపని చేస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"ఆయన పోయారని మీకు తెలుసు," అంది డాక్టరు. "కానీ లోపల ఒక చిన్న భాగానికి ఆ కబురు అందలేదు. అది ఇప్పటికీ నాలుగింటికి ఆయన వస్తారనే అనుకుంటుంది. రారు. మర్నాడు మళ్లీ అనుకుంటుంది. మీ దిగులు, ఆకలి లేకపోవడం, ఉన్నట్టుండి ఏడుపు రావడం, అన్నీ దాని వెనకాలే వస్తున్నాయి. ఆ ఎదురుచూపుని మేం తీయగలం. తీసి దొరబాబులో పెట్టగలం. అదే వాడికి శిక్ష. వాడు చంపిన మనిషి కోసం వాడే రోజూ ఎదురుచూస్తాడు."

"మరి నా దగ్గర?"

"ఉండదు. ఇది జిరాక్స్ తీయడం కాదు. నారు పీకి వేరే మడిలో నాటడం. ఇక్కడ ఖాళీ అవుతుంది, అక్కడ పెరుగుతుంది."

"అంటే ఆయన్ని మర్చిపోతానాండీ?"

"ఒక్కటి కూడా మర్చిపోరు. పెళ్లినాటి చీర రంగుతో సహా గుర్తుంటుంది. ఆయన కోసం చూడటం మాత్రం మానేస్తారు."

తాయారు దేవత కాదు. జాలి పడి బదిలీకి ఒప్పుకుందనుకుంటే పొరపాటు. ఉరి తీస్తే వాడికి కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. తనకి నాలుగేళ్లయినా కాలేదు. ఆ సంగతి వాడికి తెలియాలన్న కసి ఆమెకు ఉంది. దానికి తోడు అలసట. ఒక్కరోజైనా సాయంత్రం టీ చేదు లేకుండా తాగాలని ఉంది.

"బదిలీయే అని రాసుకోండి," అంది.

"నీ తలకాయ," అంది తోడు వచ్చిన సూరమ్మ పక్కనుంచి. కానీ సంతకం పెట్టేటప్పుడు పెన్ను మూత తనే తీసి ఇచ్చింది.

---

ఎదురుచూపు ఎక్కడ పుడుతుందో అక్కడే దాన్ని పట్టుకోవాలని డాక్టరు చెప్పింది. అందుకని ఆ పట్టీ ఇచ్చి, ఏడు రోజులు ఇంట్లోనే కట్టుకోమంది. ఒకటే షరతు. రోజూ మూడింటి నుంచి అయిదింటి దాకా ఏ పనీ పెట్టుకోకూడదు. ఊరికే కూర్చుని ఆయన్ని తలుచుకోవాలి.

పేరంపాలెంలో మాఘమాసంలో ఊరికే కూర్చోమనడం ఎలాంటిదో విశాఖ డాక్టరుకి ఏం తెలుసు? ఆ వారంలో మూడు పెళ్లిళ్లకు రేకులు ఒప్పుకున్నారు. వీధిలో ప్రతి ఇంట్లోనూ కుండ కింద మంట ఉంది. ఆ వేళకి కుండ చల్లబడి ఉంటే ఇంట్లో ఎవరో పోయారనుకుని పలకరించడానికి వస్తారు.

మొదటి రోజు తాయారు బుద్ధిగా పావుగంట కూర్చుంది. ఆ తర్వాత ఆమె చేతివేళ్లు చీర అంచుని గుడ్డ పరిచినట్టు పరవడం మొదలుపెట్టాయి.

"లేచి కుండ దగ్గర కూచుని తలుచుకోవే," అంది సూరమ్మ. "తలుచుకోడానికి తల కావాలి గానీ చేతులెందుకు?"

"వద్దన్నారు కదండీ వదినా."

"ఆవిడొచ్చి చూత్తాదా ఏంటి? పెళ్లివాళ్లకి నువ్వు జవాబు చెప్తావా, ఆవిడ చెప్తాదా?"

ఏడు రోజులూ తాయారు తలకి పట్టీ కట్టుకుని, కుండ ముందు కూర్చుని, రేకు తర్వాత రేకు దించింది. మూడు పెళ్లిళ్లకూ రేకులు వెళ్లాయి. బాగున్నాయని కబురు కూడా వచ్చింది.

---

బదిలీ జరిగిన రోజున తాయారుకి ఏమీ తెలియలేదు. మత్తుమందు ఇచ్చారు, నిద్రపోయింది, లేచింది. ఆకలిగా ఉందంది. కేంద్రం క్యాంటీన్లో నాలుగు ఇడ్లీలు తిని, అయిదోది అడగడానికి మొహమాటపడింది.

ఇంటికొచ్చాక అసలు విషయం తెలిసింది. నాలుగయింది. గడియారం కేసి చూసింది. నాలుగయిందనుకుంది. అంతే! గుండెల్లో ఏమీ జారలేదు. వీధిలో మోపెడ్ వెళ్లింది. పాలవాడిది కాబోలు అనుకుంది. సూరమ్మ టీ ఇస్తే తాగింది. టీలో అల్లం వేశారని నాలుగేళ్ల తర్వాత ఆమె నాలుకకి తెలిసింది.

ఆ నెలరోజులూ తాయారు హాయిగా ఉంది. అది దాచిపెట్టాల్సిన విషయమేమీ కాదు. కడుపునిండా తిన్నది, ఒళ్లెరగకుండా నిద్రపోయింది. టీవీలో సీరియల్ చూస్తూ అత్తపాత్రని సూరమ్మతో పోల్చి పకపకా నవ్వింది. నూకరాజు గుర్తుకొస్తే గుర్తుకొచ్చేవాడు. పెళ్లిలో తలంబ్రాలు పోయమంటే అతను సగం తన నెత్తిమీదే పోసుకున్న సంగతి సూరమ్మకి చెప్పి, ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుకున్నారు. అతని ఫోటోకి దండ మారుస్తూ, మంచి మనిషి, బాగా బతికాం అనుకునేది.

ఒక్కటే తేడా వచ్చింది. రేకులు కుదరడం లేదు.

మొదటిరోజు, విశాఖలో ఉన్న వారం రోజులూ చెయ్యలేదు కదా, చేయి తిరగడం లేదనుకున్నారు. రెండోరోజు బియ్యం మంచివి కావనుకున్నారు. మూడోరోజు కుండ మార్చారు. పరిచిన గుడ్డ తీస్తే రేకు ముక్కలై వస్తోంది, లేదా అంచున మాడి వస్తోంది. పన్నెండో ఏట నేర్చిన పని, ముప్పైఆరేళ్లు చేసిన పని. కళ్లు మూసుకున్నా తప్పు పోనిది.

"మంట నువ్వే చెప్పేదానివి కదే," అంది సూరమ్మ పదోరోజున, నుదురు మీద మసి తుడుచుకుంటూ. "రెండాకులు తొయ్యండి వదినా, ఒకటి లాగండి వదినా అని. ఇప్పుడు చెప్పవేంటి?"

"నేను చెప్పేదాన్నా?"

"నాలుగేళ్లుగా నువ్వు చెప్పందే నేను ఒక్క ఆకు కదపలేదు."

తాయారు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. చెప్పిన మాట నిజమే. ఎలా తెలిసేదో మాత్రం తెలియలేదు. మంట వైపు చూసింది. అది మంట, అంతే. ఎర్రగా ఉంది. ఇంకేమీ చెప్పలేదు.

పక్కింటివాళ్లు మొహమాటంగా సాయం చేస్తామన్నారు. ఒప్పుకున్న రేకులు వేరేవాళ్ల ఇళ్లలో చేయించి పంపాల్సి వచ్చింది. పేరంపాలెంలో రేకు చిరిగే ఇల్లు అనిపించుకోవడం చిన్న సంగతి కాదు. తాయారు నవ్వు తగ్గలేదు గానీ, కుండ వైపు వెళ్లడం తగ్గించింది.

---

మూడో నెలలో డాక్టర్ మృణాళిని తనే కారు వేసుకుని వచ్చింది. అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, నెత్తిమీది కళ్లద్దాల కోసం సంచీ వెతికి, అసలు విషయానికి వచ్చింది.

"దొరబాబులో బదిలీ బాగా నిలిచింది. నాలుగయ్యేసరికి గేటు వైపు తిరిగిపోతాడు. ఏడుస్తాడు. మేం అనుకున్నదే. కానీ ఇంకోటి చేస్తున్నాడు. అది మాకు అర్థం కావడం లేదు. వాడికి జైలు వంటశాలలో పని. పొయ్యి దగ్గరికెళ్లి కట్టెలు లోపలికి తోస్తాడు, బయటికి లాగుతాడు. తిట్టినా మానడు. ఎందుకురా అంటే, 'ఆయన తొయ్యాలండి, తొయ్యట్లేదు, అందుకని నేను తోస్తున్నాను' అంటాడు."

సూరమ్మ ఇంటి చూరుకేసి చూడటం మొదలుపెట్టింది. అక్కడ చూడదగ్గదేమీ లేదు.

"ఆ ఏడు రోజులూ పట్టీ కట్టుకుని మీరేం చేశారు తాయారమ్మగారూ?"

"రేకులు వేశానండి," అంది తాయారు, తప్పుచేసిన పిల్లలా.

డాక్టరు మెల్లగా విడమర్చి చెప్పింది. మంట ఎప్పుడు ఎగదోయాలో తాయారుకి తెలియడం కాదు. నూకరాజు ఎప్పుడు ఎగదోస్తాడో తెలుసు. పాతికేళ్లు అతని చేతి కోసం చూసి చూసి, ఆ చూపుతోటే గుడ్డ పరిచింది. అతను పోయాక కూడా లోపల ఆ చేయి ఆకు తోస్తూనే ఉంది. దాని ప్రకారమే సూరమ్మకి చెప్పింది. ఊరికే కూర్చుని ఉంటే నాలుగింటి ఎదురుచూపు ఒక్కటే వెళ్లేది. కుండ ముందు కూర్చోవడంతో ఇది కూడా దానితోపాటు వేళ్లతో సహా లేచి వెళ్లిపోయింది.

"తిరిగి తెచ్చుకోవచ్చా?" అంది సూరమ్మ చటుక్కున.

"తేవచ్చు. ఆర్నెల్లలోపు అయితే తేవచ్చు. కానీ..." డాక్టరు తాయారు వైపు తిరిగింది. "మొత్తం తీయాలి. వాడిలో ఏమీ మిగలదు. బదిలీ పోతే చట్టం ప్రకారం పాత శిక్ష మళ్లీ వస్తుంది. వాణ్ణి ఉరి తీస్తారు. మీరు ఊ అంటే చాలు. మీ హక్కు అది. ఎవరూ కాదనరు."

"ఇంకేం, ఊ అను," అంది సూరమ్మ. "మొదటే చెప్పాను నేను. నీ పని నీకొత్తాది, వాడి పని అయిపోద్ది."

తాయారుకి ఊ అనాలనే ఉంది. ఇన్నాళ్లూ తను వదిలించుకున్నది దుఃఖమనుకుంది. తీరా చూస్తే అది తన కాపురం. పాతికేళ్ల కాపురంలో మిగిలిన ఆఖరి ముక్కని తీసుకెళ్లి, మొగుణ్ణి చంపినవాడి చేతిలో పెట్టి వచ్చింది. తలుచుకుంటే ఒళ్లు మండింది.

"ముందు నేనోసారి వాణ్ణి చూడాలండి," అంది. "కుండ కూడా తెచ్చుకుంటాను."

---

జైలు వంటశాల వెనక వేపచెట్టు కింద కుండ బోర్లించడానికి అనుమతి సంపాదించడం డాక్టరుకి బదిలీ యంత్రం కనిపెట్టినదానికంటే కష్టమైంది. జైలరుగారు నాలుగు ఉత్తరాలు రాయించుకుని, చివరికి పగటిపూట రెండు గంటలు ఇచ్చారు. సూరమ్మ రానంటూనే అందరికంటే ముందు కారెక్కింది.

దొరబాబుని తీసుకొచ్చారు. కోర్టు వరండాలో చూసినప్పుడు మెడ నిక్కించుకుని ఉండేవాడు. ఇప్పుడు ముప్పైఅయిదేళ్లవాడు యాభై ఏళ్లవాడిలా ఉన్నాడు. తాయారు కాళ్ల దగ్గర కూర్చోబోతే ఆమె వెనక్కి జరిగింది.

"అక్కడ కూచో. మంట దగ్గర."

వాడు కూర్చున్నాడు. ఎవరూ చెప్పకుండానే కొబ్బరాకులు చేతిలోకి తీసుకుని, రెండు తోసి, ఒకటి అడ్డంగా పెట్టాడు. తాయారు గుడ్డ ముంచి పరిచింది. తీసింది. రేకు వచ్చింది. ఎండకి ఎత్తి పట్టుకుంటే అవతలున్న వేపకొమ్మలు కనిపించాయి. చిన్న చిరుగు కూడా లేదు. ఇంకోటి వేసింది. ఇంకోటి. వాడు ఆమె గుడ్డ కేసి చూడటం లేదు. ఆమె వాడి చేతి కేసి చూడటం లేదు. ఇరవై రేకులు వరసగా, తడబాటు లేకుండా దిగాయి. సూరమ్మ నోరు తెరుచుకుని, ఏమీ అనకుండానే మూసుకుంది. ఆమె జీవితంలో అలాంటి సందర్భాలు చాలా తక్కువ.

"ఎవరు నేర్పారు నీకు?" అంది తాయారు.

"ఎవరూ లేదండి. ఇక్కడ ఎవరో కూచుంటారనిపిత్తాదండి నాకు. ఆయన చెయ్యి పెట్టాల్సిన టైముకి పెట్టట్లేదనిపిత్తాది. చూసీ చూసీ నేనే పెడతాను." వాడు మంట వైపే చూస్తూ మాట్లాడాడు. "తీసేసుకోండమ్మా. డాక్టరమ్మగారు చెప్పారు, తీత్తే ఉరేనని. ఫరవాలేదండి. రోజూ బండి చప్పుడు వింటే లేచి నుంచుంటాను. వచ్చేత్తన్నాడనే అనుకుంటాను. ఆ మీదట గుర్తొత్తాది, నేనే కదా కొట్టిందని. రోజూ కొత్తగా తెలుత్తాదండి. రోజూ..."

తాయారు వింటోంది. వాడు చెబుతున్నదంతా తనకి తెలుసు, ఊరి పేరు తెలిసినట్టు. ఆ నొప్పి మాత్రం ఇప్పుడు లేదు. కసి తీరుతుందని వచ్చింది. కసి తీరాల్సిన చోట తడుముకుంటే ఏమీ దొరకలేదు.

మాట్లాడుతూ మాట్లాడుతూ వాడు ఆగిపోయాడు. జైలు గంట ఇంకా కొట్టలేదు. కానీ వాడి మెడ గేటు వైపు తిరిగింది. చొక్కా సర్దుకున్నాడు. నోరు కొంచెం తెరుచుకుంది. అడుగుల చప్పుడు తన ఊపిరి చప్పుడులో ఎక్కడ కలిసిపోతుందోనని కాబోలు, ఊపిరి కూడా బిగబట్టాడు.

సూరమ్మ తాయారు చేయి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది.

"అచ్చం నీ మొహమేనే," అంది గుసగుసగా. వీధి చివరికి వినిపించే ఆ గొంతులో అంత చిన్న మాట వస్తుందని తాయారుకి తెలియదు. "నాలుగేళ్లు రోజూ ఈ మొహం చూశాను. అన్నం పెట్టలేక, ఏమీ చెప్పలేక చచ్చాను. మళ్లీ తెచ్చుకోకే తాయారూ. రేకులు పోతే పోనీ."

డాక్టరు కాగితం బయటికి తీసింది. దాని మీద రెండు గళ్లు ఉన్నాయి. తిరిగి ఇవ్వాలి, అక్కర్లేదు.

తాయారు కాగితం ఒళ్లో పెట్టుకుని ఆలోచించింది. తను ఇప్పుడు ఊ అంటే వీణ్ణి ఉరితీస్తారు. నూకరాజు కోసం కాదు, ఆ లెక్క బదిలీ అన్న రోజే ఆమె తేల్చేసింది. రేకుల కోసం. తన చేతిపని కోసం. అంతకంటే లోపల, తనది తనకి కావాలన్న పట్టుదల కోసం. అది తక్కువ విషయమని ఆమె అనుకోలేదు. భూమ్మీద తనకంటూ మిగిలింది అదొక్కటే. కానీ అదిప్పుడు బతికే ఉంది. ఈ దుర్మార్గుడి ఒంట్లో, ఈ గేటు వైపు తిరిగిన మెడలో బతికే ఉంది. నూకరాజు ఇంకా రాబోతున్నాడని నమ్మే మనిషి లోకంలో ఒక్కడున్నాడు. అది వీడు కావడం తాయారుకి నచ్చలేదు. అయినా ఉన్నాడు. ఆ ఒక్కణ్ణీ ఉరికంబం ఎక్కించి, తను ఇంటికెళ్లి గుమ్మం కేసి చూస్తూ కూర్చోవాలా?

"పన్నెండేళ్లప్పుడు ఏమీ రాదు నాకు," అంది పైకి. "మా అమ్మ చేతి మీద కొట్టి నేర్పింది. ఇప్పుడు కొట్టేవాళ్లు లేరు గానీ, వదిన తిడతాది కదా. మళ్లీ నేర్చుకుంటాను."

అక్కర్లేదన్న చోట టిక్కు పెట్టి, కింద తన పేరు రాసింది. ఇంటిపేరుతో సహా.

"క్షమించారా?" అని అడిగింది డాక్టరు.

"లేదండి. అది వేరే సంగతి. దానికి మీ కాగితంలో గడి లేదు."

సూరమ్మ ముక్కు చీదింది. జైలు గంట నాలుగు కొట్టింది. ఎవరూ రాలేదు. గేటు దగ్గర వార్డరు ఆవులించి, అటు కాలు ఇటు మార్చుకున్నాడు. దొరబాబు భుజాలు మెల్లగా కిందికి దిగాయి. ఆకులు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

తాయారు సామాను సర్దబోతూ పక్కన గుడ్డ మీద విడిగా పెట్టిన రేకుని చూసింది. వాళ్లింట్లో కుండ మీద దిగిన మొదటి రేకుని పక్కన పెట్టేస్తారు. మంట వేసినవాళ్లు తినాలి. అలవాటుగా విడిగా పెట్టింది గానీ, ఇవాళ మంట వేసింది ఎవరో అప్పుడు ఆలోచించలేదు. అయినా డబ్బాలోంచి నెయ్యి తీసి రాసి, బెల్లంపొడి చల్లి, మడత పెట్టి వాడి ముందు పెట్టింది.

వాడు దాని వైపు చూశాడు. ముట్టుకోలేదు.

"ఉండనీయండమ్మా," అన్నాడు. "ఆయన రానీండి. వచ్చాక తింటాను."

డాక్టరు మొహం అటు తిప్పుకుంది. తాయారు ఆ మనిషి పక్కన నేలమీద చతికిలబడింది. మూడేళ్లో నాలుగేళ్లో కాదు, వీడు బతికినన్నాళ్లూ చూస్తాడు. ఆమెకు తెలుసు. రేకు రెండుగా విరిచి, ఒక ముక్క వాడి అరచేతిలో పెట్టి, వేళ్లు తనే మూసింది.

"ఆలస్యమవుద్దిలే," అంది. "నువ్వు తిను."